విశాఖ ఒడ్డున ఘాజీ: పేలుడు ఒకటి, కథలు మూడు

విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం క్యూలో నిలబడితే ఒక ప్రశ్న దాదాపు ప్రతిసారీ చెవిన పడుతుంది. "ఘాజీని ముంచింది ఇదేనా?" పిల్లలే కాదు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన పెద్దవాళ్లూ అడుగుతారు. ఇది కాదు. 1971 యుద్ధంలో కుర్సురా అటు అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఇక్కడ, బంగాళాఖాతంలో, విశాఖ రేవు ముఖద్వారానికి కూతవేటు దూరంలో.

ఈ గందరగోళానికి 2017లో వచ్చిన తెలుగు సినిమా కొంత కారణం. అందులో భారత జలాంతర్గామి ఒకటి ఘాజీతో నీటి అడుగున హోరాహోరీగా తలపడి దాన్ని ముంచేస్తుంది. సినిమాగా బాగుంది, నేనూ టెన్షన్‌తోనే చూశాను. కానీ ఘాజీ కథలో భారత జలాంతర్గామి ఏదీ లేదు. భారత నౌకాదళం అధికారికంగా చెప్పే కథలో ఉన్నది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ తరహా యుద్ధనౌక. పాకిస్తాన్ చెప్పే కథలో ఆ రాజ్‌పుత్ కూడా లేదు. మూడో కథ ఒకటుంది, అందులో శత్రువు ఊసే లేదు.

ముందు ఎవరూ కాదనని సంగతులు చెప్పుకుందాం. పీఎన్ఎస్ ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. దాని కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్. లోపల 93 మంది ఉన్నారు. అది తిరిగి వెళ్లలేదు. ఒక్కరు కూడా బతకలేదు. దాని శిథిలం ఇప్పటికీ విశాఖ తీరానికి దగ్గర్లోనే సముద్రం అడుగున ఉంది. మిగతాదంతా, అంటే ఎప్పుడు, ఎలా, ఎవరి చేతిలో అన్నది యాభై ఏళ్లు దాటినా తేలలేదు.

అంత దూరం నుంచి ఇక్కడికి ఎందుకొచ్చింది? ఘాజీ పుట్టింది అమెరికాలో. 1944 డిసెంబర్ 1న నీళ్లలోకి దిగింది, అప్పటి పేరు యూఎస్ఎస్ డయాబ్లో. డయాబ్లో అంటే స్పానిష్‌లో దెయ్యం. రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో అమెరికా నౌకాదళంలో చేరింది. 1964లో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కు లీజుకిచ్చింది. దెయ్యం పేరు పోయి ఘాజీ అయింది, అంటే ధర్మయోధుడు. 1965 యుద్ధం నాటికి భారత్‌కు ఒక్క జలాంతర్గామి కూడా లేదు. మన మొదటిది ఐఎన్ఎస్ కల్వరి, 1967 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్‌లో నౌకాదళంలో చేరింది. అంటే మూడేళ్ల పాటు ఈ ప్రాంతపు సముద్రాల్లో నీటి కింద తిరిగే యుద్ధనౌక ఘాజీ ఒక్కటే. దాని పేరు వింటేనే మన నౌకలు ఆచితూచి కదిలేవి.

1971 నాటికి పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్స్ నుంచి కొన్న కొత్త జలాంతర్గాములు మూడు ఉన్నాయి. అవి కొత్తవే గానీ చిన్నవి. కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి రావాలంటే దాదాపు 4,000 కిలోమీటర్లు. అంత దూరం వచ్చి, వారాల తరబడి మాటు వేసి, మళ్లీ ఇంటికి చేరే ఓపిక ఉన్నది పాతికేళ్లు దాటిన ఘాజీకే. 95 మీటర్ల పొడవు, ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, ఆ గొట్టాల్లోంచే మైన్లు (ఓడలను పేల్చడానికి నీళ్లలో పరిచే బాంబులు) కూడా జారవిడిచే ఏర్పాటు. ముసలిదైనా పంపడానికి ఇంకోటి లేదు.

దాని వేట ఐఎన్ఎస్ విక్రాంత్. అప్పట్లో భారత్‌కున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక. తూర్పు పాకిస్తాన్‌కు సముద్రం వైపు నుంచి సాయం అందకుండా చేయాలంటే విక్రాంత్ బంగాళాఖాతంలో ఉండాలి. కానీ విక్రాంత్ అప్పటికే జబ్బు మనిషి. బాయిలర్లలో ఒకదానికి పగులు, పూర్తి వేగం అందుకోలేదు. వేగం లేని పెద్ద ఓడ అంటే జలాంతర్గామికి పండగే. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్‌కు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు.

ఘాజీ వస్తోందని ఆయనకు ఎలా తెలిసిందన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన ముక్క. కరాచీ నుంచి తూర్పు పాకిస్తాన్ రేవు చిట్టగాంగ్‌కు వెళ్తున్న ఒక వైర్‌లెస్ సందేశాన్ని మనవాళ్లు పట్టుకున్నారు. అందులో దాడి మాటే లేదు, ఒక రకం లూబ్రికేషన్ ఆయిల్ దొరుకుతుందా అని అడిగారు, అంతే. ఆ ఆయిల్ వాడేది జలాంతర్గాములూ, మైన్లు ఏరేసే మైన్‌స్వీపర్ ఓడలూ మాత్రమే. బంగాళాఖాతం దాకా రాగల పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఒక్కటే. ఆయిల్ డబ్బా గురించి అడిగిన ప్రశ్న ఓడ ఆచూకీ చెప్పేసింది.

నవంబర్ మధ్యలోనే విక్రాంత్ గుట్టుచప్పుడు కాకుండా అండమాన్ దీవుల్లో ఒక మరుగు రేవుకు జారుకుంది. దానికి పోర్ట్ ఎక్స్‌రే అని రహస్య పేరు పెట్టారు. ఇక విశాఖలో విక్రాంత్ ఉన్నట్టు నటించాలి. ఆ వేషం రాజ్‌పుత్‌కు పడింది. 1942లో బ్రిటన్‌లో కట్టిన ఓడ అది, నౌకాదళం నుంచి రిటైర్ చేయడానికి సిద్ధంగా ఉంది. అంత పెద్ద విమాన వాహక నౌక వేషం ఈ ముసలి డిస్ట్రాయర్ ఎలా కడుతుంది? ఆకారంతో కాదు, మాటలతో. విక్రాంత్ ఎంత వైర్‌లెస్ ట్రాఫిక్ పుట్టిస్తుందో అంత పుట్టించింది. వందల మంది సిబ్బందికి సరిపడా మాంసం, కూరగాయలు ఆర్డర్ పెట్టారు. ఆ స్థాయిలో సరుకు కొంటే బజారులో మాట నిలవదని కృష్ణన్‌కు తెలుసు, ఆయన కోరుకున్నదీ అదే. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం గురించి ఆరా తీస్తున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి, కోడ్ లేకుండా. శత్రువు గూఢచారులు ఇలాంటి నిర్లక్ష్యపు మాటలు నమ్ముతారని ఆశ.

ఎర పని చేసింది.  ఘాజీ అండమాన్ వైపు వెళ్లలేదు, విశాఖ ముందే మునిగింది. విక్రాంత్ మీద ఒక్క టార్పెడో కూడా పడలేదు. డిసెంబర్ 4న దాని సీ హాక్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద బాంబులు వేశాయి.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ వైమానిక దళం పశ్చిమాన మన విమానాశ్రయాల మీద దాడి చేసింది. యుద్ధం మొదలైంది. అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయటికి కదిలింది. దాన్ని నడిపింది ఇందర్ సింగ్, హోదా లెఫ్టినెంట్ కమాండర్. రేవు కాలువ దాటించే పైలట్‌ను దించేశాక ఆయనకో అనుమానం. నేనే ఆ జలాంతర్గామి కెప్టెన్‌నైతే ఎక్కడ కాచుకుంటాను? కాలువ కొసన, ఓడలు ఒక్కొక్కటిగా నెమ్మదిగా బయటికొచ్చే చోట. వేగం పెంచాడు. కొద్దిసేపటికి ఒక పక్క నీళ్లు అసహజంగా కదులుతున్నట్టు కాపలా మనిషి చెప్పాడు. ఇందర్ సింగ్ ఆ వైపు తిప్పి నీటి లోతులో పేలే డెప్త్ చార్జ్‌లు రెండు జారవిడిచాడు. ఆ తర్వాత పెద్ద పేలుడు, ఓడ అదిరింది. వెతికితే ఏమీ కనిపించలేదు. రాజ్‌పుత్ తన పని మీద వెళ్లిపోయింది.

ఒడ్డున జనం మేలుకునే ఉన్నారు. ప్రధాని ఇందిరాగాంధీ రేడియోలో దేశంతో మాట్లాడబోతున్నారని రేడియోల ముందు కూర్చున్నవాళ్లకు పేలుడు వినిపించింది. కొందరు భూకంపం అనుకుని వీధిలోకి వచ్చేశారని కృష్ణన్ రాసుకున్నారు. టైం సుమారు 12:15. తెల్లారాక జాలర్లకు నీటి మీద తేలుతున్న నూనె, చెత్త, ఒక లైఫ్ జాకెట్ దొరికాయి. నౌకాదళ డైవర్లు దిగారు. అడుగున పొడవాటి జలాంతర్గామి. లోపలి నుంచి కొన్ని మృతదేహాలు బయటికి తీశారు. వాటికి సైనిక మర్యాదలతో సముద్రంలోనే అంత్యక్రియలు జరిపారు. ఘాజీని ముంచామని భారత్ ప్రకటించింది డిసెంబర్ 9న. ఇందర్ సింగ్‌కు వీరచక్ర వచ్చింది.

ఇది భారత్ కథ. శుభ్రంగా ఉంది, వరసగా ఉంది. ఇంత శుభ్రంగా ఉండటమే కొంచెం అనుమానం పుట్టిస్తుంది.

డెప్త్ చార్జ్ అంటే ముందే సెట్ చేసిన లోతుకు చేరగానే పేలే ఒక పీపా. జలాంతర్గామిని తాకనక్కర్లేదు. కానీ దాని ఉక్కు పొట్టను చీల్చాలంటే కొన్ని మీటర్ల దూరంలోనే పేలాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సోనార్‌తో, అంటే శబ్దంతో నీటి కింద వెతికే పరికరంతో జాడ పట్టి, ఒక్కో దాడిలో పదేసి చార్జ్‌లు వరసగా జారవిడిచినా జలాంతర్గాములు తప్పించుకున్న సందర్భాలే ఎక్కువ. ఇక్కడ చీకట్లో నీళ్ల కదలిక చూసి వేసినవి రెండే రెండు. తగలవని కాదు. తగిలితే అది లాటరీ తగిలినట్టు. లాటరీ ఎవరికో ఒకరికి తగులుతుంది కదా అనొచ్చు. నిజమే. కానీ "నాకు తగిలింది" అన్నవాడి దగ్గర టికెట్ చూపించమని అడుగుతాం.

పాకిస్తాన్ కథ వేరు. ఘాజీ విక్రాంత్ కోసం వెతికింది, దొరకలేదు. అప్పుడు రెండో పని, విశాఖ రేవు ముందు మైన్లు పరచడం. ఆ పనిలో తన మైన్లే తన కొంప ముంచాయి. అది ప్రమాదం, ఎవరి విజయమూ కాదు. ఈ వాదనను కొట్టిపారేయడానికి లేదు. టార్పెడో గొట్టాల్లోంచి మైన్లు వదిలే పని ప్రమాదకరమైనది. జారవిడిచిన మైన్ ఎక్కడ పడిందో పటం మీద గీతే సాక్ష్యం. శత్రువు రేవు ముందు, చీకట్లో, అలల కింద, పైకి వచ్చి చూసుకునే వీల్లేకుండా ఆ గీత తప్పకుండా నడవాలి. లెక్క ఒక్కచోట తప్పితే తన మైన్ల మధ్యలోకే మళ్లీ వచ్చిపడుతుంది.

మూడో కథ అన్నిటికంటే చప్పగా ఉంటుంది. బహుశా అందుకే దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఇది అర్థం కావాలంటే మళ్లీ కుర్సురాలోకి వెళ్లాలి. కుర్సురా రష్యన్ నమూనా, ఘాజీ అమెరికన్. అయినా పని చేసే పద్ధతి ఒకటే. ముందు తలుపులోంచి దిగగానే టార్పెడో గొట్టాల మూతలు, వాటి వెనకే నావికుల పడకలు, టార్పెడోల పక్కనే నిద్ర. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లాలంటే గుండ్రటి రంధ్రంలోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి, నడుం వంచి దూరాలి. నా వెనక వస్తున్న పెద్దాయన ప్రతి గుమ్మం దగ్గరా "ఇందులో నెలలు ఎలా ఉన్నార్రా బాబూ" అంటూనే ఉన్నాడు. ఆయన నిలబడ్డ నేల కింద బ్యాటరీ గది ఉందని నేను చెప్పలేదు.

డీజిల్ జలాంతర్గామి నీటి కింద నడిచేది బ్యాటరీల మీద. మన కారు బ్యాటరీ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీలే, కాకపోతే ఒక్కో సెల్లు నిలువెత్తు, అలాంటివి ఘాజీ తరహా ఓడలో 252. అవి అయిపోగానే నీటి పైకి, లేదా స్నార్కెల్ గొట్టం పైకి తేలేంత దగ్గరికి వచ్చి డీజిల్ ఇంజిన్లు నడిపి చార్జ్ చేసుకోవాలి. శత్రువు తీరంలో ఆ పని రాత్రే. చార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే ప్రతి జలాంతర్గామిలో హైడ్రోజన్‌ను బయటికి తోడేసే ఫ్యాన్లు, కొలిచే మీటర్లు ఉంటాయి. ఇరవై రోజులుగా సముద్రంలో ఉన్న పాతికేళ్ల ఓడలో ఆ ఫ్యాన్లు సరిగ్గా తిరిగాయో లేదో చెప్పేవాళ్లు లేరు. భారత నౌకాదళంలోనే కొందరు సీనియర్ అధికారులు తర్వాత ఈ వైపు మొగ్గారు.

అయితే డైవర్లు చూసిన శిథిలం ఏం చెబుతుంది? ముందు భాగం దారుణంగా దెబ్బతింది, ఉక్కు రేకులు లోపలి నుంచి బయటికి విచ్చుకున్నట్టు ఉన్నాయని కథనాలు. దీన్ని పట్టుకుని చాలామంది తేల్చేస్తారు, లోపల పేలింది కాబట్టి డెప్త్ చార్జ్ కాదు అని. ఇక్కడే చిక్కంతా.

ఘాజీ ముందు గదిలో టార్పెడోలు ఉన్నాయి, మైన్లు కూడా ఉండొచ్చు. ఆ గది వెనకాలే, ఆఫీసర్ల గదుల కింద, ముందు బ్యాటరీలు. బయట డెప్త్ చార్జ్ పేలి ఆ అదురుకు లోపల టార్పెడో పేలినా ఉక్కు బయటికే విచ్చుకుంటుంది. బయట తన మైనే తగిలి లోపలివి అంటుకున్నా బయటికే. బ్యాటరీ గదిలో హైడ్రోజన్ అంటుకుని ముందు గది దాకా పాకినా బయటికే. మూడు కథల్లోనూ ప్రాణం తీసిన చివరి పేలుడు లోపలిదే. కాబట్టి విచ్చుకున్న రేకులు ఏ కథనూ గెలిపించవు, ఏ కథనూ ఓడించవు. దొంగ లోపలి నుంచి తలుపు తీసుకుని వెళ్లాడని తెలిసినంత మాత్రాన లోపలికి ఎటునుంచి వచ్చాడో తెలియదు.

అందుకే నా మటుకు నాకు అసలు ప్రశ్న "ఎలా" కాదు, "ఎప్పుడు". తేదీ తేలితే సగం వాదన పోతుంది. తేలదు, అదే తంటా.

కృష్ణన్ లెక్క డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక 12:15. శిథిలంలో దొరికిన గడియారం కూడా ఆ టైంకే ఆగి ఉందని భారత్ వైపు చెబుతారు. అదే నిజమైతే రాజ్‌పుత్‌ను కథలోంచి తీసేయడం కష్టం. రాజ్‌పుత్ చార్జ్‌లు వేసిన నిమిషాల్లోనే, అదే చోట, తనంతట తాను ఒక జలాంతర్గామి పేలిందంటే కాకతాళీయం మరీ ఎక్కువైపోతుంది.

కానీ తూర్పు సైనిక కమాండ్‌లో అప్పుడు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న మేజర్ జనరల్ (తర్వాత లెఫ్టినెంట్ జనరల్) జె.ఎఫ్.ఆర్. జాకబ్ చాలా ఏళ్ల తర్వాత ఇంకో మాట రాశారు. డిసెంబర్ 3 ఉదయమే కృష్ణన్ తనకు ఫోన్ చేసి, జాలర్లకు పాకిస్తాన్ జలాంతర్గామి శిథిలాలు దొరికాయని చెప్పారని. అంటే యుద్ధం మొదలవకముందే, రాజ్‌పుత్ రేవు దాటకముందే ఘాజీ పోయిందన్నమాట. జాకబ్ పాకిస్తాన్ మనిషి కాదు, ఢాకా లొంగుబాటు చర్చలు నడిపిన భారత సేనాని. ఆయన మాటను పక్కన పెట్టడం అంత సులువు కాదు. పాకిస్తాన్ వైపు ఇంకొంచెం వెనక్కి వెళ్తారు. నవంబర్ 26న ఘాజీ నుంచి రావాల్సిన రిపోర్టు రాలేదంటారు. రిపోర్టు రాకపోవడం మునిగిపోవడం ఒకటి కాదు, శత్రు తీరంలో నోరు మూసుకుని ఉండటం కూడా జలాంతర్గామి పద్ధతే. కానీ ఆ రోజు నుంచి కరాచీకి నిశ్శబ్దమే.

మరి విశాఖలో జనం విన్న పేలుడు? యుద్ధం మొదటి రాత్రి విన్న చప్పుడు తేదీని ఎవరూ మర్చిపోరు, కాబట్టి పేలుడు ఆ రాత్రే జరిగింది. కాకపోతే తీరానికి అంత దగ్గర్లో రెండు డెప్త్ చార్జ్‌లు పేలినా కిటికీలు అదురుతాయి. జనం విన్నది ఘాజీ చావునా, లేక ఎప్పుడో చచ్చిపోయిన ఘాజీ పక్కన రాజ్‌పుత్ వేసిన చార్జ్‌లనా? చెవి ఆ తేడా చెప్పలేదు. చివరికి అంతా ఒక గడియారం మీద నిలబడింది.

ఇలాంటి చిక్కు విప్పాల్సింది కాగితాలు. రాజ్‌పుత్ రిపోర్టు, డైవర్ల నోట్లు, శిథిలంలోంచి తీసిన వస్తువుల జాబితా. 2010లో ఒక వార్త వచ్చింది, ఘాజీకి సంబంధించిన రికార్డులు నౌకాదళం దగ్గర దొరకడం లేదని, చాలా ఏళ్ల కిందటే నాశనం చేశారని. ఎవరో కావాలని దాచారని అప్పట్లో గోల జరిగింది. నాకు అంత కుట్ర కనిపించదు. మన ఆఫీసుల్లో పాత ఫైళ్లు ఎలా పోతాయో మనకు తెలియంది కాదు. కానీ పోయిన ఫైలు గెలుపు చెప్పుకునేవాడి వైపు నిలబడదు.

అదే యుద్ధంలో ఇంకో ఓడతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర భారత ఫ్రిగేట్ ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచింది. ఘాజీని ముంచామని మనం ప్రకటించిన రోజే. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే మునిగారు. ఇక్కడా వివాదాలున్నాయి. సోనార్ సరిపోయిందా, ఓడ నెమ్మదిగా ఎందుకు నడిచింది, పక్కనున్న మన ఇంకో ఓడ కృపాణ్ ఏం చేసింది అని. కానీ ఎవరు ముంచారన్న ప్రశ్న లేదు. ఎందుకంటే అరవై మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారు, పక్క ఓడ చూసింది, టార్పెడో వేసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు. ఖుక్రీకి సాక్షులున్నారు. ఘాజీకి లేరు. ఘాజీలో జరిగింది చూసిన 93 మందీ ఘాజీతోనే ఉన్నారు.

సాక్షి లేని చోట ఎవరికి కావాల్సిన కథ వాళ్లు చెప్పుకుంటారు. భారత్‌కు ఒక విజయం కావాలి. పాకిస్తాన్‌కు తమవాళ్లు భారతీయుల చేతిలో ఓడిపోలేదన్న మాట కావాలి. ఆ 93 మంది ఇళ్లలో ఏ కథ కావాలో నేను ఊహించను. యుద్ధం ముగిశాక పాకిస్తాన్ పోర్చుగల్ నుంచి ఇంకో జలాంతర్గామి కొని దానికి మళ్లీ ఘాజీ అనే పేరు పెట్టింది.

నాకైతే మనం పొగడాల్సింది వదిలేసి వేరేదాన్ని పొగుడుతున్నాం అనిపిస్తుంది. రాజ్‌పుత్ చార్జ్‌లు తగిలాయా లేదా అన్నది సందేహం. కానీ ఆయిల్ గురించి అడిగిన ఒక్క వాక్యంలోంచి ఘాజీని పసిగట్టడం, విక్రాంత్‌ను అండమాన్‌కు తరలించడం, ముసలి ఓడకు విక్రాంత్ వేషం కట్టడం, బజారు పుకారుని కూడా ఆయుధం చేయడం, ఇందులో సందేహం లేదు. ఘాజీని విశాఖకు రప్పించింది బహుశా ఆ పన్నాగమే. అది రాకపోతే ఏ మైనూ ఏ బ్యాటరీ దాన్ని ఇక్కడ చంపేవి కావు. అంత తెలివైన పనిని పక్కన పెట్టి రెండు పీపాల పేలుడు మీదే గర్వపడటం నాకు వింతగా తోస్తుంది.

విశాఖలో చాలామంది డిసెంబర్ 4 నేవీ డే కూడా ఘాజీ వల్లే అనుకుంటారు. అది కరాచీ రేవు మీద మన మిసైల్ బోట్ల దాడికి గుర్తు. తేదీలు కలిసిపోవడంతో ఆర్కే బీచ్ మీద రెండు కథలూ ఒకటైపోయాయి. 1996లో అక్కడే "విక్టరీ ఎట్ సీ" స్మారకం కట్టారు. చాలా ఏళ్లు డిసెంబర్‌లో దాని ముందు జనం కిక్కిరిసిపోయేవారు, ఓడలు వరస కట్టేవి, హెలికాప్టర్లు ఎగిరేవి, రాత్రి దీపాలు వెలిగించేవారు. ఐస్‌క్రీం బండ్ల వాళ్లకు మంచి గిరాకీ ఉండేది.

2024 ఫిబ్రవరిలో నౌకాదళం తన కొత్త రెస్క్యూ వాహనాన్ని పరీక్షిస్తూ విశాఖ తీరంలో మళ్లీ ఘాజీని చూసింది. ప్రమాదంలో చిక్కుకున్న జలాంతర్గాముల్లోంచి మనుషుల్ని కాపాడటానికి తెచ్చిన వాహనం అది. 93 మందిలో ఒక్కరినీ ఎవరూ కాపాడలేకపోయిన ఓడ పక్కకే వెళ్లింది. దగ్గర్నుంచి చూశారు, ముట్టుకోలేదు. చనిపోయిన నావికుల గౌరవం కోసం దాన్ని అలాగే వదిలేశామని అధికారులు చెప్పారు. కాగితాలు పోయిన ఈ కేసులో మిగిలిన సాక్ష్యం ఆ ఉక్కు ఒక్కటే. అది ఉప్పు నీళ్లలో ఏడాదికి ఏడాది పలచబడుతోంది.